గోడ మీద ప్రపంచం

కథనో కవితనో విమర్శించినట్టు ప్రపంచపటాన్ని ఎవరూ విమర్శించరు. కాని పటం కూడా ఒకరు ఒక అవసరం కోసం చేసిన రచనే. కనుక ఎవరి కోసం, ఏమి వదిలేసి చేశారో అడగాలని నా అభిప్రాయం.

మనకి బాగా అలవాటైన పటం పద్ధతి 1569లో గెరార్డస్ మెర్కేటర్ తయారుచేసినది. అది నావికుల కోసం. దిక్సూచి ప్రకారం దిశ మారకుండా సాగే దారి ఆ పటం మీద తిన్నని గీత అవుతుంది. అయితే గుండ్రని భూమిని కాగితం మీద పరచాలంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మెర్కేటర్ వైశాల్యాన్ని వదులుకున్నాడు. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దేశాలు ఉబ్బిపోతాయి. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మన భారతదేశం గ్రీన్‌లాండ్‌కి ఒకటిన్నర రెట్లు, అలాస్కాకి దాదాపు రెండింతలు. పటం చూస్తే నమ్మబుద్ధి కాదు!

దీనికి విరుగుడుగా 1973లో ఆర్నో పీటర్స్ అనే జర్మన్ మరో పటాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 2017లో బోస్టన్ ప్రభుత్వ పాఠశాలలు దాన్ని తరగతి గదుల్లోకి తీసుకున్నాయి. అందులో వైశాల్యాలు సరిగ్గా ఉంటాయి కాని, ఆఫ్రికాని పైకీ కిందకీ పట్టుకుని సాగదీసినట్టు ఉంటుంది. ఒక వంకర పోయి మరో వంకర వచ్చింది.

కనుక తప్పు మెర్కేటర్‌ది కాదు. ఓడకి పనికొచ్చే పనిముట్టుని బడి గోడకి ఎక్కించినవాళ్ళది. అమెరికాని నడిమధ్యన పెట్టి, ఆసియాని రెండు ముక్కలు చేసి చెరో అంచున పడేసిన పటాలు కూడా ఇక్కడ అచ్చయ్యాయి. గోళం ఉపరితలానికి నడిబొడ్డంటూ ఎక్కడుంది?

2025 ఆగస్టులో ఆఫ్రికన్ యూనియన్ మెర్కేటర్ పటం వాడకం మానాలన్న ఉద్యమాన్ని సమర్థించింది. అది వాళ్ళ గొడవే అనుకోకండి. ఇక్కడ పుట్టిన చాలామంది పిల్లలకి అమ్మమ్మగారి దేశం మొదట పరిచయమయేది పటం మీదే. అది ఏ మూలో చిన్న ముక్కలా కనిపిస్తే, వాళ్ళ మనసులో కూడా అంతే చోటు దక్కుతుందని నా భయం.

ఇంట్లో పటం ఉంటే ఉండనివ్వండి. పక్కన ఒక గ్లోబు కూడా పెట్టండి. షికాగో నుంచి హైదరాబాదుకి దాని మీద ఒక దారం బిగించి చూపించండి. ఆ దారం అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోదు. ఉత్తరధ్రువం పక్కనుంచి దిగుతుంది. ఆ తరువాత ప్రశ్నలు పిల్లలే అడుగుతారు.