పాల చీటీ, మామిడి గుత్త

కృష్ణా జిల్లా ఉంగుటూరు మండలంలో చాలా ఇళ్లకు రెండు రాబడులు. కొట్టంలో గేదె, మెట్టన మామిడి తోట. పాలు ఊళ్లోని కేంద్రం మీదుగా విజయవాడ చిట్టినగర్ డెయిరీకి పోతాయి. కాయ నున్న మార్కెట్టుకు పోతుంది. రైతు ఒక్కడే, నేల ఒక్కటే. సరుకును నడిపించే తీరులో మాత్రం రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. నూజివీడు రసాల సంగతి ఈ ప్రాంతం వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాల సంఘాన్ని రోజూ చూస్తూనే ఉన్నా, అది ఎలా నడుస్తోందో అంతగా పట్టించుకోం. సంస్థను నడపడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం కంటే మంచి దారి నాకు కనపడలేదు.

తెల్లవారుజామున పాల కేంద్రం దగ్గర కాసేపు నిలబడండి. ఒకామె కేను తెచ్చి పాలు పోస్తుంది. కొలత పడుతుంది. చిన్న నమూనా తీసి యంత్రంలో పెడతారు. వెన్న శాతం అంకెల్లో వెలుగుతుంది, చీటీ చేతికొస్తుంది. ఆమె పెద్దగా చదువుకోకపోవచ్చు. కానీ నిన్న 6.8 వచ్చి ఇవాళ 6.2 వస్తే అక్కడే నిలదీస్తుంది: "గేదె అదే, మేత అదే, వెన్న ఎట్లా తగ్గింది బాబూ?" కేంద్రం సెక్రటరీ ఆమె కళ్లముందే మళ్లీ పరీక్ష చేసి చూపించాలి. పది పదిహేను రోజులకోసారి వచ్చే డబ్బును ఆ చీటీలతో సరిచూసుకుంటుంది. జిల్లా పాల సమితి ఛైర్మన్ ఎవరో తెలియకపోయినా తన లెక్క తనకు తెలుసు. ఈ చూపు కొత్తదేమీ కాదు. అర్థశాస్త్రంలో గోవుల అధ్యక్షుడి ప్రకరణం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. నాటి కొలతల్లో ద్రోణం ఆవుపాలకు ప్రస్థం నెయ్యి, గేదెపాలకైతే అందులో ఐదోవంతు ఎక్కువ అని లెక్క కట్టి, చివరికి చిలికి చూడడమే అన్నిటికీ ప్రమాణం అంటాడు కౌటిల్యుడు. మాట కంటే పరీక్షను నమ్మడం మన దగ్గర అంత పాతది.

మామిడి దారి వేరు. తోటను పూత మీదో పిందె మీదో గుత్తకిస్తారు. గుత్తదారు చెట్ల మధ్య ఒక్క చుట్టు తిరిగి, కొమ్మల వంక చూసి, ఇన్ని టన్నులు దిగుతుందని చెప్పేస్తాడు. ఆ చూపు తరాల అనుభవం. దానిమీద నాకు గౌరవం ఉంది. తేనెమంచు పురుగు పడినా, ఈదురుగాలికి కాయ రాలినా నష్టం అతనిదే. బిడ్డ పెళ్లి ఉందంటే కాగితం లేకుండా అడ్వాన్సు ఇచ్చేదీ అతనే, లేదా మార్కెట్టులోని కమీషన్ వ్యాపారే. ఏ సంఘం కార్యాలయమూ రాత్రి తొమ్మిదింటికి తలుపు తీయదు కదా! వేగం విషయంలోనూ అంతే. చిన్నరసానికి సొన అంటితే మచ్చ పడుతుంది, మాగితే ఆగదు. వేసవిలో రెండు నెలల పాటు వచ్చిపడే అంత సరుకును దిల్లీ దాకా పంపే నేర్పు ఆ వ్యాపారులది.

కానీ అదే మార్కెట్టులో తరుగు ఎంత తీయాలో రైతు చేతిలో లేదు. పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర. కాయ దించాక వెనక్కి తీసుకుపోలేడు, అడ్వాన్సు తీసుకున్నాక ఇంకొకరికి అమ్మలేడు. ఎందుకు తగ్గిందని అడగడానికి పాలావిడ చేతిలో ఉన్నట్టు అతని చేతిలో అంకె లేదు. రెండు చోట్లా పని నడిచేది నమ్మకం మీదే. పాల కేంద్రంలో ఆ నమ్మకం కొలత మీద నిలిస్తే, మామిడి మార్కెట్టులో మనిషి మీద నిలుస్తుంది. అందుకే సెక్రటరీ మారినా పాల లెక్క మారదు. వ్యాపారి మారితే మామిడి రైతు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పాలు రోజుకు రెండు పూటలా వచ్చేవి, మామిడి ఏడాదికోసారి కాసేది, రెంటికీ పోలికేమిటని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే పాలూ ఒకప్పుడు మామిడి లాగే నడిచాయి. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పోల్సన్ కంపెనీ, దాని మధ్యవర్తులు చెప్పిందే ధర. విసిగిపోయిన రైతులు పాలు పోయడం ఆపేశారు. 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సొంత సమితి పెట్టుకున్నారు. ఆ తర్వాత దాన్ని నడపడానికి కురియన్ వచ్చారు. ఆ నమూనాయే మన ఊళ్లకూ చేరింది. ఏడాదికోసారి వచ్చే పండుకూ ఇది సాధ్యమేనని మహారాష్ట్ర ద్రాక్ష రైతుల సంఘాలు 1991లో మహాగ్రేప్స్‌గా కలిసి ఎగుమతికి దిగి చూపించాయి.

ఇక అడ్వాన్సు సంగతి. దానికి జవాబు ములుకనూరు అనే ఊళ్లో ఉంది. 1956లో విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ఆ సహకార సంఘం రైతుకు అప్పూ ఇస్తుంది, ఎరువూ ఇస్తుంది, పంటా కొంటుంది. అప్పిచ్చే చేయి, కొనే చేయి ఒకటే కావడం మామిడి వ్యాపారంలోనూ ఉంది. అయితే ములుకనూరులో ఆ చేయి సభ్యులది, ఏటా వాళ్లకు లెక్క చెప్పాలి.

పాల సంఘాలకు లోపాల్లేవని కాదు. చాలాకాలం ప్రభుత్వ అధికారుల పెత్తనం కింద నలిగాయి. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాక కృష్ణా పాల సమితి దాని కిందికి మారింది. పెత్తనం తగ్గినా పార్టీల రాజకీయం పోలేదు. మహాజన సభకు వచ్చి, సంతకం పెట్టి, భోజనం చేసి వెళ్లిపోయే సభ్యులున్నంతకాలం ఏ చట్టమూ సంఘాన్ని కాపాడలేదు. పొద్దున వెన్న శాతం దగ్గర నిలదీసిన గొంతే సభలో బడ్జెట్ దగ్గరా లేవాలి.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లింది, ఉంగుటూరు కృష్ణాలోనే ఉండిపోయింది. తోటలకు ఆ గీత లేదు, సంఘానికీ అక్కర్లేదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు 2020లో కేంద్ర పథకమూ వచ్చింది. మామిడి రైతులకు నా మనవి ఒక్కటే. సంఘం పెడితే భవనంతో, బోర్డుతో మొదలుపెట్టకండి. పూత రాకముందే కూర్చుని తూకానికి, గ్రేడుకు, తరుగుకు నియమం రాసుకోండి. కాటా దగ్గరే చీటీ ఇవ్వండి. గుత్తదారుల్లో చూపున్న వాళ్లను వదులుకోకండి, జీతమిచ్చి గ్రేడింగుకు పెట్టుకోండి. ఆ చీటీ చదవడం రాకపోతే, ఇంట్లో పాలు పోసే ఆమెను అడగండి.