నీళ్ల బండి, కోత మిషన్

మొక్కకు పది లీటర్ల చొప్పున పోస్తే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఐదు వందల మొక్కలకు వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా మూడు మీటర్లకొకటి నాటారనుకుంటే కిలోమీటరుకు ఆరు వందల అరవై పైచిలుకు మొక్కలు. నిండు ట్యాంకరు ఒక్క కిలోమీటరును కూడా పూర్తిగా తడపలేదన్నమాట. ఊరికి ఐదు కిలోమీటర్ల రోడ్డుంటే వారానికి ఒక్కసారి పోయడానికే ఏడు ట్యాంకర్లు కావాలి. బోరు దగ్గర నింపుకోవడానికి కొంత సేపు, చెట్టుచెట్టుకూ ఆగి పోయడానికి ఒక పూట. ట్యాంకరును లాగేది పంచాయతీ ట్రాక్టరు, పొద్దున్నే చెత్త ఎత్తేది కూడా అదే. ఇక మా రామగుండం ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే. మే నెలలో 46 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. నాటిన తర్వాత మొదటి రెండు మూడు వేసవులు అలాంటి ఎండలో మొక్కను నిలబెట్టాల్సింది ఆ ట్రాక్టరే. అది పది రోజులు షెడ్డులో ఆగితే ఆ రోడ్డు పొడుగునా మిగిలేవి ట్రీగార్డులే.

ఈ మొక్కలు నాటే కార్యక్రమం, తెలంగాణకు హరితహారం, 2015 జులై 3న మొదలైంది. 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను పంచాయతీల మీద పెట్టింది. 2019 సెప్టెంబరులో ముప్పై రోజుల ప్రణాళికతో ఊళ్లు శుభ్రం చేసుకున్నాం. ఆ వెనకే పల్లె ప్రగతి కింద ఊరూరా ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. ఆ నిర్ణయాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. చిన్న పంచాయతీకి సొంత బండి ఉండటం ఎంత పెద్ద మాటో, అంతకుముందు ట్యాంకరు కోసం పక్కూరి రైతును బతిమాలిన వాళ్లకు తెలుసు. ఇప్పుడు నాటే పని వన మహోత్సవం పేరుతో సాగుతోంది. మొక్కకు రిజిస్టరుంది, శాతముంది, తనిఖీ ఉంది. బండి ఎలా ఉందని అడిగే రిజిస్టరు మాత్రం ఏ పంచాయతీలోనూ నా కంటపడలేదు.

నీళ్లు పోసే పని ట్రాక్టరుకు దున్నకం కంటే సుఖమని చాలామంది అనుకుంటారు. నిజానికి క్లచ్‌కు ఇంతకంటే కష్టం లేదు. మూడు మీటర్లు కదలాలి, ఆగాలి, మళ్లీ కదలాలి. వెనక నీళ్లే ఐదు టన్నులు, ట్యాంకరు ఇనుము బరువు వేరే. ప్రతిసారీ గేరు తీసి న్యూట్రల్ చేయడానికి విసుగేసి డ్రైవరు సగం క్లచ్ మీద కాలు ఆనించి ఉంచుతాడు. ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది. రెండు వేసవుల్లో పల్చబడి, మూడో వేసవి నడిమధ్యన జారడం మొదలుపెడుతుంది. ఒకతను నాతో అన్నాడు: “అన్నా, ఇంజను మోగుతది, బండి మాత్రం కదలది. వాసనొచ్చేదాకా నాకు ఎరుకే కాలే.” తప్పు అతనిది కాదు. దున్నడం నేర్పినవాళ్లు ఉన్నారు, నీళ్లు పోయడం ఎవరూ నేర్పలేదు. లో గేరులో పెట్టి, నాలుగైదు మొక్కలకు ఒకచోట ఆపి, న్యూట్రల్ చేసి, పొడుగాటి పైపుతో ఇంకో మనిషి అటూ ఇటూ పోస్తే క్లచ్ ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తుంది. పైపు నీళ్లు నెమ్మదిగా పడితే వేరు దగ్గరి మన్ను కూడా కొట్టుకుపోదు.

బ్రేకు సంగతి ఇంకా ముఖ్యం. ట్రాక్టరుకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి రెండు బ్రేకు పెడల్స్ ఉంటాయి. చేనులో మూల తిరగడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కాక వాటిని కలిపే చిన్న గొళ్లెం తప్పనిసరిగా వేయాలి. అది వేయకుండా రాజీవ్ రహదారి మీద నిండు ట్యాంకరుతో ఒక్క పెడల్ తొక్కితే బండి ఒక పక్కకు గుంజేస్తుంది. ఈ ట్యాంకర్లలో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు కాబట్టి వెనక బరువంతా ట్రాక్టరు మీదికే తోసుకొస్తుంది. నిండుదానికంటే సగం ఖాళీ అయిన ట్యాంకరు ఇంకా మోసకారి. లోపల అడ్డు రేకులు లేకపోతే, మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు ఊగి బండిని పడేస్తాయి. మా ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల మట్టి గుట్టల మీద కానుగ, వేప, వెదురు పెంచే చోట, ఆ వాలు దారుల్లో ట్యాంకరు నడిపే వాళ్లకు ఈ భయం బాగా తెలుసు.

ఇక దుమ్ము. మాది బొగ్గు దుమ్ము, థర్మల్ బూడిద కలిసిన గాలి. పాత తరహా ట్రాక్టర్లలో గాలిని నూనె గిన్నె గుండా వడకట్టే ఎయిర్ క్లీనరు ఉంటుంది. మామూలు ఊళ్లో వారానికోసారి చూసుకుంటే సరిపోయేది, ఇక్కడ వేసవిలో రోజూ మూత విప్పి చూడాలి. గిన్నె అడుగున నల్లటి మడ్డి పేరుకుంటే దుమ్ము నేరుగా సిలిండరులోకి పోతుంది, రింగులు అరుగుతాయి, బండి తెల్లపొగ, నీలిపొగ కక్కుతుంది. ఆ మడ్డి తీసి కొత్త నూనె పోయడానికి పట్టేది పది నిమిషాలు.

నన్ను బాధపెట్టేది ఇదంతా మనకు తెలియకపోవడం కాదు. యంత్రాన్ని చూసుకోవడం ఈ నేలకు తెలిసినంతగా తెలంగాణలో ఇంకెక్కడ తెలుసు? మా బాపు ఓపెన్‌కాస్టు వర్క్‌షాపులో ఫిట్టరు. గనిలో డంపరు ఎక్కే ఆపరేటరు షిఫ్టు మొదట్లో బ్రేకు, స్టీరింగు, హారను, లైట్లు, వెనక్కి వచ్చేటప్పుడు మోగే అలారం, టైర్లు, మంటలార్పే సిలిండరు చూసి పుస్తకంలో రాయాలి. ముందు షిఫ్టు వాడు రాసింది చదవాలి. “బ్రేకు లూజున్నదని రాసి ఉంటే ఎవ్వలు చెప్పినా బండి కదలద్దు” అనేవాడు బాపు, ఇంట్లో సైకిలు బ్రేకు బిగిస్తూ కూడా. ఉత్పత్తి ఒత్తిడి ఎంతున్నా ఆ రాత మీద గౌరవం ఉండేది. దాని వెనక ప్రాణాలు పోయిన అనుభవం ఉంది, గనుల భద్రతా నిబంధనలున్నాయి. అదే మనిషి రిటైరై ఊరికి పోతే, ఆ ఊరి ట్రాక్టరుకు ఆయిలు ఎప్పుడు మార్చారో చెప్పే కాగితం ముక్క ఉండదు. గని గేటు లోపల ఉన్న అలవాటు గేటు దాటి బయటికి రాలేదు.

చెట్టు కొట్టే మిషన్, అంటే చైన్ రంపం, దగ్గరికొస్తే ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

వానలకు ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం ఏటా తప్పని పని. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు, సప్లయి ఆగుతుంది, కూలికి పిలిచిన కోత మనిషి మిషన్ భుజాన వేసుకుని చెట్టెక్కుతాడు. మా గోదావరిఖని కాలనీల్లో తురాయి, పచ్చతురాయి చెట్లు ఎక్కువ. నీడ బాగా ఇస్తాయి గానీ కొమ్మ పెళుసు. ఏప్రిల్, మే నెలల గాలిదుమారానికి ముందుగా విరిగేవి అవే. కనుక ఈ పని మానలేం. అది ఏ మిషన్‌తో, ఏ పదునుతో, ఏ తాడుతో చేస్తున్నారన్నదే నేను అడిగేది.

చైన్ పదును తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. కింద రాలే పొట్టు చూడాలి. పదునున్న చైన్ మందంగా, పలుకులు పలుకులుగా రాలుస్తుంది. మొండిదైతే పిండి రాలుతుంది, పొగ వస్తుంది, మనిషి భుజంతో నొక్కాల్సి వస్తుంది. మిషన్ తనంతట తను దిగకపోతే నొక్కకూడదు, ఆపి ఆకురాయి తీయాలి. గుండ్రటి ఆకురాయి చైన్ సైజును బట్టి ఉంటుంది. ప్రతి పంటికీ ఒకే వాలులో, లోపలి నుంచి బయటికి, అన్నిటికీ అన్నే సార్లు రాయాలి. ఒక వైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది. చైన్ ఒక్కసారి నేలకు తగిలితే చాలు, పదును పోయినట్టే. మన ఊళ్లలో దానికి తోడు మేకులు. ఫ్లెక్సీలకూ, దుకాణం బోర్డులకూ, పండగ లైట్ల తీగలకూ వేపచెట్టుకు మేకులు కొడతాం. ఏళ్లు గడిచేసరికి చెట్టు వాటిని మింగేస్తుంది. పైన తాడు మీద వేలాడే మనిషి మిషన్ ఆ మేకుకు తగిలినప్పుడు ఏమవుతుందో ఆ మేకు కొట్టినవాళ్లకు తెలియదు. చెట్లకు మేకులు కొట్టొద్దనడానికి నాకు ఇదే మొదటి కారణం.

నూనె సంగతి కూడా చెప్పాలి. మంచి మిషన్ల పుస్తకంలో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు అని ఉంటుంది. చేతి అందాజాతో పోస్తే తక్కువైనప్పుడు పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైనప్పుడు ప్లగ్గు మసిబారుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది. సీజను అయ్యాక ట్యాంకులో అలాగే వదిలేస్తే లోపలి రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ డయాఫ్రమూ పాడవుతాయి. ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు అయిపోయేదాకా నడిపి, అప్పుడు దాచాలి. చైన్ మీదికి వెళ్లే నూనె వేరు. ట్రాక్టరు నుంచి తీసిన పాత ఇంజనాయిలే అందులో పోయడం ఇక్కడ మామూలు. దాంట్లోని ఇనుప రజను చిన్న పంపునూ, చైన్ తిరిగే పలక (బార్) గాడినీ తినేస్తుంది. నూనె వస్తోందో లేదో చూడటానికి తెల్ల అట్టముక్క ముందు బార్ కొస పట్టి యాక్సిలరేటర్ నొక్కాలి. అట్ట మీద సన్నటి గీత పడాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం బార్ కొస దగ్గర ఉంది. బార్ కొస పైభాగం కొమ్మకు తగిలితే మిషన్ ఒక్క క్షణంలో మొహం మీదికి ఎగురుతుంది. ముందు చెయ్యికి అడ్డుగా ఉండే గార్డు అప్పుడు చైన్‌ను ఆపే బ్రేకు కూడా. అది అడ్డమొస్తోందని విప్పేసిన మిషన్లు నేను చూశాను. డంపరు రివర్స్ అలారం తీగ కోసేస్తే గనిలో ఊరుకుంటారా?

పదును లేకపోతే దెబ్బ తగిలేది మనిషికే కాదు. పెద్ద కొమ్మను ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాత కాస్త అవతల పై నుంచి కోసి బరువు దించి, చివర్న మిగిలిన మొదలును శుభ్రంగా తీయాలి. మొండి చైన్‌తో పైనుంచి ఒకే కోత కోస్తే కొమ్మ పడుతూ పడుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది. ఆ గాయంలో వాన నీరు నిలుస్తుంది, పుచ్చు పడుతుంది, చెదలు ఎక్కుతాయి. కొన్నేళ్ల తర్వాత ఆ చెట్టు నిండు కాలనీలో గాలికి కూలితే చెట్టును తిడతాం.

ఈ నేలలో చెట్టుకూ యంత్రానికీ ఉన్న బంధం పాతది. భూగర్భ బొగ్గు బావుల్లో పైకప్పును ఆపింది ఒకప్పుడు కర్ర దుంగలే. టింబర్‌మన్ అన్న హోదాతో ఒక కార్మికుడు ఉండేవాడు. దుంగను కొలిచి, గొడ్డలితో చెక్కి, పైకప్పు కింద బిగించేవాడు. కప్పు బరువు దిగుతుంటే ఆ దుంగ ముందు కిరకిరలాడి హెచ్చరించేదని పాత కార్మికులంతా చెబుతారు. తర్వాత ఇనుప ప్రాపులు, రూఫ్ బోల్టులు వచ్చి ఆ పని తగ్గిపోయింది. మొద్దుబారిన గొడ్డలితో బాయిలోకి దిగితే తోటివాళ్లే ఒప్పుకునేవారు కాదట. చైన్ రంపం మాత్రం మనకు ఆలస్యంగా అందింది. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లోనే కరెంటుతో నడిచేదాన్ని తయారుచేశాడు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనంత బరువు. ఇప్పుడది ఒక్క చేత్తో మోసేంత తేలికై, ఏ పాఠమూ లేకుండా ఎవరి చేతికైనా వచ్చేస్తోంది.

పెద్ద యంత్రాల వల్ల జరిగే మేలు కూడా కళ్లారా చూశాం. రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాలలో వానలకు కూలిన పాత మర్రిచెట్టును 2022లో భారీ క్రేన్లతో లేపి, ట్రెయిలరు మీద తరలించి మళ్లీ నాటారు. అలాంటి పెద్ద యంత్రమే అయిన జేసీబీ రోడ్డు పక్క కాలువ తవ్వుతూ ఒక్క పూటలో పది చెట్ల వేళ్లు తెంపేయగలదు. తేడా యంత్రంలో లేదు, నడిపేవాడికి ఏం చెప్పి పంపామన్న దాంట్లో ఉంది.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, ఎన్నో ఊళ్లలో ట్రాక్టరు డీజిలుకు కార్యదర్శులు సొంత డబ్బు పెట్టుకున్నారని పత్రికలు రాశాయి. డీజిలుకే దిక్కులేనప్పుడు క్లచ్ ప్లేటు ఊసెవరెత్తుతారు? ఇప్పుడు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. పంచాయతీ బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి పెట్టాలన్న నియమం ఉంది. మొక్కల కొనుగోలుకు, గుంతలకు ముందు అందులోంచి ట్రాక్టరు మరమ్మతుకు, ట్యాంకరు వాల్వులకు, కోత మనిషి నడుము బెల్టుకు, తాడుకు డబ్బు పక్కన పెట్టాలని నేను గ్రామసభల్లో అడుగుతున్నాను, మీరూ అడగండి. మన కాలనీల్లో ఇంటికొక రిటైరైన ఫిట్టరో, ఆపరేటరో ఉన్నారు. పంచాయతీ డ్రైవర్లను వాళ్ల ముందు రెండు రోజులు కూర్చోబెడితే చాలు. గ్రీజు నిపిల్ ఎక్కడుందో, పుస్తకంలో ఏం రాయాలో వాళ్ల కంటే బాగా చెప్పేవాళ్లు దొరకరు.

దానికి మంచి ముహూర్తం దసరా ముందు రోజే. ఆయుధపూజ కోసం బండినీ, మిషన్‌నూ ఎలాగూ కడుగుతాం. వానలు వెనకబడి, ఎండలకు ఇంకా నెలలున్న సమయం అది. కడిగిన చేత్తోనే ఎయిర్ క్లీనరు విప్పాలి, ఇంజనాయిలు మార్చాలి, బ్రేకు పెడల్స్ గొళ్లెం పడుతోందో లేదో చూడాలి, క్లచ్ పెడల్ ఆట కొలవాలి, చైన్‌కు ఆకురాయి పట్టాలి, మిషన్ గార్డు ఊడిపోయి ఉంటే కొత్తది తెప్పించాలి. చూసిందంతా తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి, సీటు కింద పెట్టాలి. పసుపు, కుంకుమ, గుమ్మడికాయ ఆ తర్వాత.