పదో తరగతి దాటిన ఆట

2025 నవంబర్ 2 రాత్రి నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ ఎత్తినప్పటి నుంచి కదిరిలో నాలాంటి పీఈటీలకు కొత్త తలనొప్పి పట్టుకుంది. పాపను మూడో తరగతి నుంచే క్రికెట్‌లో పెట్టాలని తండ్రులు వెతుక్కుంటూ వస్తున్నారు. ఆడపిల్లను గ్రౌండుకు పంపండని ఒకప్పుడు వాళ్ల గడపలు తొక్కినదాన్ని కాబట్టి సంతోషమే. చిక్కల్లా వాళ్లు చూపించే ఉదాహరణతోనే.

"కడప పాప లేదా మేడమ్, శ్రీచరణి! అట్లా ఒక్క ఆటే పట్టుకోవల్ల. మీరేమో ఖోఖో అని, రన్నింగ్ అని అన్నిట్లో దింపుతాంటే బిడ్డ యాడికని పోతాది?" అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు.

నల్లపురెడ్డి శ్రీచరణి ఒక్క ఆట పట్టుకుని పెరిగిన పిల్ల కాదు. వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి. మనకు పరాయి ఊరేం కాదు, పులివెందుల మీదుగా బయల్దేరితే పూట పట్టదు. తండ్రి ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ఆ పాప బ్యాడ్మింటన్ ఆడింది, ఖోఖో ఆడింది, పరుగు పందేలకు పోయింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారో ఏట. ఆ తర్వాత సంగతి పేపర్లలో చదివిందే. 2025 ఏప్రిల్‌లో శ్రీలంకలో తొలి వన్డే. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తొలి టీ20, అందులో 12 పరుగులకే 4 వికెట్లు. అక్టోబర్ 12న విశాఖలో ఆస్ట్రేలియా వాళ్లు మన 330 పరుగుల్ని ఛేదించేసిన రోజున కూడా ఈమె పది ఓవర్లలో 41 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీసింది. ప్రపంచకప్ మొత్తం మీద 14 వికెట్లు. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రెండున్నర కోట్లు, వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం గురించి ఊళ్లో అందరికీ తెలుసు. పదహారేళ్ల దాకా ఆమె ఏం ఆడిందన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

ఖోఖో ఆడినందుకే ఈ స్పిన్నర్ బంతి తిరిగిందని నేననను. అట్లా చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా. కానీ ఖోఖో ఒంటికి ఏం నేర్పుతుందో రోజూ దగ్గర నుంచి చూస్తున్నాను. ఎనిమిది మంది వరసలో కూచుంటారు, ఒకరి ముఖం ఇటు, పక్కదాని ముఖం అటు. తొమ్మిదో పిల్ల తరుముతుంది. భుజం ఏ వైపు తిప్పితే ఆ వైపే పోవాలి, వెనక్కి మళ్లకూడదు, నడుమ గీత దాటకూడదు. దాటాలంటే చివరి పోల్ చుట్టూ తిరగాలి, లేదా కూచున్నదాని వీపు మీద తట్టి 'ఖో' అనాలి. తట్టించుకున్న పిల్ల లేచే తీరు చూడండి. కుడికాలి మునివేళ్లు మట్టిలో గుచ్చి, మడమ పైకెత్తి, రెండు చేతులూ నేలకు ఆనించి ముందే కాచుకుని ఉంటుంది. చున్నీ నడుముకు బిగించి ఉంటుంది. సర్కారు కిట్‌లో వచ్చిన బూట్లు గోడ పక్కన వరసగా ఉంటాయి, వట్టి కాళ్లకే పట్టు ఎక్కువని వాళ్ల నమ్మకం. కొత్తవాళ్లు రన్నర్ ముఖం చూసి మోసపోతారు. ముదుర్లు నడుము చూస్తారు. ముఖం అబద్ధం ఆడుతుంది గానీ నడుము ఎటు మళ్లితే కాలు అటే పోవాలి కదా! పోల్ దగ్గరికొచ్చేసరికి పరుగు తగ్గించకుండా ఒక చేత్తో పోల్ పట్టుకుని ఒళ్లంతా గిర్రున తిప్పి అవతలి వైపు పడతారు. బ్యాటర్ ముందుకొస్తోందా వెనక్కి తగ్గుతోందా అని ఆఖరి క్షణంలో కనిపెట్టాల్సిన స్పిన్నర్‌కు, ముందు కాలి మీద ఒళ్లు తిప్పాల్సిన స్పిన్నర్‌కు ఇందులో ఏదీ దండగ కాదు.

మా పిల్లలు అన్ని ఆటలూ ఆడడం వెనక గొప్ప శిక్షణ సూత్రం ఏదో ఉందని అనుకునేరు. డబ్బుల్లేకే. ఖోఖోకు రెండు గుంజలు, కాస్త చదును నేల చాలు. కబడ్డీకి సున్నం గీత చాలు. క్రికెట్ కిట్ అట్లా కాదు. పైగా ఊరి బళ్లో చురుకైన ఆడపిల్లలు ఏ క్లాసులో చూసినా గుప్పెడే. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్) మండల పోటీలు వస్తే పొద్దున 200 మీటర్లు పరుగెత్తిన పిల్లే మధ్యాహ్నం ఖోఖో జట్టులో కూచుంటుంది, సాయంత్రం లాంగ్‌జంప్ గుంతలో దూకుతుంది. అది లేమి నుంచి పుట్టిన అలవాటే కానీ దాని ఫలం మాత్రం లేమి కాదు.

నన్ను నిలదీసిన ఆ తండ్రిది శనక్కాయ సేద్యం. కదిరి పరిశోధన కేంద్రం విత్తనాలు, కదిరి-6, కదిరి లేపాక్షి, ఆయనకు నోటికి వచ్చు. ఎంత మంచి విత్తనం దొరికినా చేనంతా శనక్కాయే వేస్తాడా? మధ్య మధ్య కంది సాళ్లు వదులుతాడు. వాన మొహం చాటేస్తే శనక్కాయ ఎండినా కంది నిలబడుతుందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు. బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో!

లోకంలో పేరున్న ఆడవాళ్లను చూసినా ఇంతే. అమెరికాలో బేబ్ డిడ్రిక్సన్ 1932 ఒలింపిక్స్‌లో జావెలిన్‌లో, 80 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణాలు, హైజంప్‌లో రజతం తీసుకుంది. ఆ తర్వాత గోల్ఫ్ పట్టుకుని యూఎస్ విమెన్స్ ఓపెన్ మూడుసార్లు గెలిచింది. ఎలీస్ పెర్రీ 2007లో, పదహారేళ్లకే, ఆస్ట్రేలియా తరఫున క్రికెట్, ఫుట్‌బాల్ రెండూ ఆడింది. 2011 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గోల్ కూడా కొట్టింది. ఇవి దూరం అనుకుంటే మన దగ్గరికే రండి. ధార్వాడ్ దగ్గర పుట్టి సికింద్రాబాద్‌లో స్థిరపడిన జె.జె. శోభ ఏడు పోటీల హెప్టాథ్లాన్ మనిషి. 2003లో హైదరాబాద్ ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో ఆరో పోటీలో చీలమండ దెబ్బతిని ఆమెను మైదానం నుంచి మోసుకుపోయారు. కాలికి పట్టీ కట్టించుకుని వచ్చి చివరి 800 మీటర్లు పరుగెత్తి స్వర్ణం పట్టింది. తెలంగాణ అమ్మాయి అగసర నందిని అదే హెప్టాథ్లాన్‌లో 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, 2025లో గుమి ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 5,941 పాయింట్లతో స్వర్ణం తెచ్చింది. హెప్టాథ్లాన్ అంటే మా మండల పోటీల్లో పిల్ల పడే పాట్లకే ఒలింపిక్ పేరు అని నేను నవ్వుతుంటాను. ఒక్క జావెలిన్ మాత్రం మా దగ్గర వెదురు కర్ర.

అందుకే ఏ ఆట, ఎన్ని ఆటలు అన్న ప్రశ్న నన్ను పెద్దగా కలవరపెట్టదు. ఎందాకా అన్నదే అసలు ప్రశ్న. మా పిల్లల్లో ఎక్కువమంది నాలుగు ఆటల్లో ఒకటి ఎంచుకుని మూడు వదలరు. పదో తరగతి అయ్యేసరికి నాలుగూ ఒకేసారి వదిలేస్తారు. నల్లబడితే సంబంధాలు రావన్న మాట ఒక పక్క. పోటీలు జరిగే నెలల్లోనే శనక్కాయ పీకే పని ఇంకో పక్క. కూలికి మనిషి దొరకకపోతే జట్టులో బాగా పరుగెత్తే పిల్లే చేనికి పోతుంది, ఎందుకంటే పని కూడా అదే బాగా చేస్తుంది. ఆ తర్వాత ఇంటర్. ఎంపీసీ, బైపీసీ, పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. గ్రౌండే లేని కాలేజీలో ఆటల పీరియడ్ ఎక్కడ పెడతారు?

శ్రీచరణి క్రికెట్ గట్టిగా మొదలుపెట్టింది సరిగ్గా ఆ వయసులో. ఆ వయసులో కొత్త ఆట మొదలుపెట్టనిచ్చిన ఇల్లు దొరికింది. నా లెక్కన ఆమె కథలో అన్నిటికన్నా అరుదైన సంగతి అదే. అనంతపురం జిల్లా నుంచి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద ఇండియాకు ఆడగలిగిందన్నా, ఆర్డీటీ లాంటి స్వచ్ఛంద సంస్థ అనంతపురంలో మైదానాలు, కోచ్‌లు, ఉండడానికి చోటు చూపించబట్టే. అటువంటి నీడ అందని మండలాల్లోనూ చురుకైన కాళ్లున్నాయి, నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

కదిరికి క్రికెట్ అకాడమీ కావాలని ఇప్పుడు సభల్లో మాట్లాడుతున్నారు. వస్తే మంచిదే, వద్దనను. నన్నడిగితే దానికన్నా ముందు రెండు పనులు చేయమంటాను. ఆడపిల్లలు చదివే ప్రతి జూనియర్ కాలేజీకి ఒక గ్రౌండు, ఒక పీడీ (ఫిజికల్ డైరెక్టర్). సాయంత్రం ఆరున్నరకు పల్లెలకు ఒక బస్సు. ఇప్పుడు మా ఆట ఎప్పుడు ఆగుతుందో కోచ్ చెప్పడు, ఐదింటికి కదిలే బస్సు చెబుతుంది.