నల్లగొండ ఫ్లోరైడు పరిశోధన - ఒక సమీక్ష

విషపదార్థములనగానే మనకు కర్మాగారముల పొగ, మురుగునీరు స్ఫురించును. కాని రాతినుండి బావినీటిలోనికి కరగివచ్చు ఫ్లోరైడు కూడ, మితిమీరినచో, అట్టి విషమే. చైతన్యపురి మీదుగా విజయవాడ రహదారిని పోవు బస్సులు కొలదిసేపటిలోనే ఈ విషము తరతరములుగా ఎముకలను చెరచిన నల్లగొండ ప్రాంతమును చేరును.

1937లో షార్టు, అతని సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వర్ణించిరి. 1955లో సిద్దీఖీ నల్లగొండ రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. అప్పటికి తెలిసిన స్వరూపమిది: ఏండ్లతరబడి ఆ నీరు త్రాగిన పెద్దలకు ఎముకలు గట్టిపడును, వెన్నెముక కఱ్ఱవలె బిగిసిపోవును, నరములు నలిగి కాళ్ళు చచ్చుపడును.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసము వేరొక రూపమును చూపెను. ఇందు రోగులు ముఖ్యముగా యౌవనదశలోనివారు. వారి మోకాళ్ళు ఒకదానినొకటి ఒరయుచు, పాదములు ఎడమైపోయినవి. ఎక్స్‌రేలో వెన్నెముక గట్టిపడి యుండగా, కాలుచేతుల ఎముకలు గుల్లబారి కనిపించినవి. ఒకే దేహములో రెండు విరుద్ధ లక్షణములు!

ఈ పరిశోధన గొప్పతనము దాని ప్రశ్నలో నున్నది. నీటిలో ఫ్లోరైడు కలదని చెప్పి వారు ఊరకొనలేదు. అదే విషము కొందరి నడుమును బిగించి, కొందరి మోకాళ్ళను వంచుటకు కారణమేమి? సమాధానమును వారు బావిలోనే గాక భోజనములో కూడ వెదకిరి. అచ్చటి ముఖ్యాహారము జొన్న. అదే సంస్థలో దేవస్థలే, గోపాలన్ 1974లో ప్రకటించిన ప్రయోగములో, మాలిబ్డినము హెచ్చుగా గల జొన్నలు తిన్నవారి మూత్రములో రాగి ఎక్కువగా పోవుచున్నట్లు తేలినది. ఎముకలోని మాంసకృత్తు పోగులు గట్టిగా పెనవేసికొనుటకు రాగి అవసరము. కావున విషపు బలము దాని పరిమాణముపైననే గాక, తినువాని కంచముపైన కూడ ఆధారపడునన్న భావమునకు బలము చేకూరెను.

ఇంతవరకు ప్రశంసార్హమే. కాని తరువాత అల్లబడిన వాదమును జాగ్రత్తగా చూడవలెను. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలబడెను. జలాశయమువలన భూగర్భజలము పైకి వచ్చి, నేల గుణము మారి, జొన్నలో మాలిబ్డినము పెరిగి, దేహములో రాగి తగ్గి, కాళ్ళు వంగెనని ఆ వాదము. గొలుసు అందముగా నున్నది; కాని ఒక్కొక్క కొక్కెమును విడిగా పరీక్షించినంత మాత్రమున గొలుసంతయు గట్టిదని చెప్పరాదు. జొన్నల ప్రయోగము కొలదిమందిపై కొలదిదినములు జరిగినది. ఎముక వంగుటకు ఏండ్లు పట్టును. ఒకదాని తరువాత మరొకటి సంభవించుట కార్యకారణ సంబంధమునకు నిదర్శనము కాదు.

పైగా, తరువాతి దశాబ్దములలో మీరటుకు చెందిన ఎస్.పి.ఎస్. తియోతియా, ఎం. తియోతియాల పరిశోధనలు, ఈ జలాశయముతో సంబంధమే లేని ప్రాంతములలో కూడ, కాల్షియము చాలని పిల్లలకు ఫ్లోరైడు నీరు తోడైనపుడు ఎముకలు వంకరపోవుటను చూపినవి. కనుక రాగి వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాకపోయినను, కాల్షియలోపమే ఎక్కువ సరళమైన వివరణము. ఆహారముపై దృష్టి నిలిపినంతవరకు నల్లగొండ పరిశోధన నిలిచినది. ఆనకట్టను దోషిగా నిలిపిన భాగము ఊహగానే మిగిలినది.

ఈ విచక్షణ పండితుల చర్చకే పరిమితము కాదు. కారణమును బట్టియే చికిత్స యుండును. ఆ సాగరపు కృష్ణానీరే 2004 నుండి నల్లగొండ జిల్లాలోని కోదండాపురములో శుద్ధియై హైదరాబాదుకు వచ్చుచున్నది. ఫ్లోరైడు పల్లెలకు కూడ నదీజలమే మందు; 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఉద్దేశము ఇంటింటికి అట్టి నీటిని అందించుటయే. కాని నీరు మారినంతనే, వంగిన ఎముక నిటారు కాదు. ఎదుగుచున్న పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు కూడ అందవలెను.

త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరొక నీరు లేనిచో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు వరకు భారతీయ ప్రమాణము అనుమతించుచున్నది. ఉపాధ్యాయులు ఈ అంకెలను నల్లబల్లపై వ్రాయునపుడు, ప్రక్కనే ఒక ప్రశ్న కూడ వ్రాయుదురుగాక: ఆ నీరు త్రాగు పిల్లవాడు ఈ పూట ఏమి తిన్నాడు?