శతకమును, అద్దమును

నారాయణగురువు మలయాళమున రచించిన ఆత్మోపదేశశతకమును వేదాంతగ్రంథముగా మెచ్చువారు పెక్కురు. ఆయనను కేరళదేశపు సంఘసంస్కర్తగా కొనియాడువారును పెక్కురే. ఈ రెంటిని వేఱువేఱుగా జూచుట పొరపాటని మా యభిప్రాయము.

తనయందును పరునియందును గల యాత్మ యొక్కటియే యనియు, తన సుఖమునకై చేయు పని పరునకును సుఖము గూర్పవలె ననియు నీ శతకము బోధించును. మన శతకములందువలె నిందు మకుటము లేదు. శైలి కఠినము, ఒకరు విప్పి చెప్పినగాని సామాన్యునకు బోధపడదు. ఇది కావ్యమున లోపమే యని యొప్పుకొందము.

ఆ లోపమును గురువు తన చేతలతో దీర్చెను. ఈళవులకు సవర్ణుల దేవాలయములందు ప్రవేశము లేని కాలమున, ఆ కులమున బుట్టిన యాయన 1888లో అరువిప్పురమున నెయ్యారునది రాతిని శివునిగా ప్రతిష్ఠించెను. 1927లో కళవంకోడమున విగ్రహమునకు మాఱుగా నద్దమును నిలిపెను. దర్శనార్థము వచ్చినవానికి అందు కనబడునది తన మొగమే. ఏ కులమువాడు వచ్చినను అంతియే. నూఱు పద్యముల సారము చదువురానివానికిని క్షణములో దెలిసినది. శతకమునకు ఇంతకు మించిన వ్యాఖ్యానము లేదని మేము తలంతుము.

గురువు 1928లో శివగిరియందు సమాధి నొందెను. ఆయన పటమునకు పూలదండ వేసి, పనిమనిషికి మాత్రము వేఱు గ్లాసు నుంచు ఇండ్లు నేటికిని లేకపోలేదు. శతకమును చదువబోవు సోదరీసోదరులు ముందుగా తమ వంటయింటి నొకసారి చూచుకొనవలెనని మా మనవి.