తూకానికి కొన్న అంబాసిడర్

పాత కారును బాగుచేసిన చేతి పనితనం తెలియాలంటే ముందు రంగు చూడకూడదు, తలుపు వేసి చూడాలి. మెరుపు ఎవరైనా తెప్పించగలరు. తలుపు మాత్రం అబద్ధం చెప్పదు. అంబాసిడర్ తలుపు బరువైనది. కీలు, స్తంభం, గొళ్ళెం, కింది దూలం, నేలరేకు అన్నీ తమ తమ చోట్ల ఉంటేనే అది తేలికగా తోసినా ఒక్క చప్పుడుతో పడుతుంది. ఎక్కడైనా రెండు మూడు మిల్లీమీటర్లు జరిగిందంటే ఎత్తిపట్టి మూయాలి, లేదా విసిరికొట్టాలి. ప్రొద్దుటూరులోని ఒక చిన్న షెడ్డులో ఈమధ్య తయారై బయటికొచ్చిన మార్క్ 4 అంబాసిడర్‌కు నాలుగు తలుపులూ ఒకే తీరుగా పడుతున్నాయి. అలా పడేట్టు చేయడానికి ఏమేం చేశారో, అంతకన్నా ముఖ్యంగా ఏమేం చేయకుండా వదిలేశారో చెప్పుకోదగ్గది.

బండి ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయంలో తిరిగింది. పని ముగిశాక చాలాకాలం చెట్టుకింద నిలబడి, చివరికి వేలానికి వచ్చింది. జమ్మలమడుగు వైపు రైతు ఒకాయన పాడుకున్నాడు. పాటకు వచ్చినవాళ్ళలో పాత ఇనుము వ్యాపారులే ఎక్కువ. వాళ్ళది తూకం లెక్క. టన్నుకు పైబడిన ఇనుము, దానికో ధర, అందులో రవాణా ఖర్చు పోగా మిగిలేది ఎంత అన్నదే చూస్తారు. ఆయన వాళ్ళ ఆఖరి పాటకన్నా కాస్త పైకి వెళ్ళాడు, బండి దక్కింది. వేలంలో కొన్న బండికి ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు ఉంటుంది. తర్వాత ఏది విరిగి ఉన్నా అడగడానికి లేదు. బండి చేతికొచ్చిన 30 రోజుల్లోగా ఫారం 32తో రవాణా శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. చౌకగా వచ్చిందని సంబరపడి ఈ కాగితం సంగతి మరిచినవాళ్ళ బండ్లు, ఇంజను ఎంత బాగున్నా, రోడ్డెక్కలేక షెడ్లలోనే ఉండిపోతాయి. ఈయన ముందు కాగితాలు చక్కబెట్టుకుని ఆ తర్వాతే బండిని లారీ మీద ప్రొద్దుటూరుకు తెచ్చాడు.

అంబాసిడర్ వంశం తెలిసిందే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు అచ్చులతో హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా కర్మాగారంలో 1957లో దీని తయారీ మొదలుపెట్టింది. 1979లో మార్క్ 4 వచ్చింది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందువైపు కూడా బెంచీలాంటి ఒకే సీటు. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయింది. అంటే నేడు ఈ బండి మీద చేయి వేసే మేస్త్రీకి కొత్త విడిభాగాల భరోసా తక్కువ. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే దారి.

తెలుగునాట పాత బండిని తిరగగట్టడం కొత్త కాదు. 1982లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టినప్పుడు పాత షెవర్లే వ్యాను ఒకటి చైతన్యరథమైంది. ఆయన కొడుకు హరికృష్ణ నడపగా ఊరూరా తిరిగింది. అయితే ఆ పని వేరు. అక్కడ వాహనాన్ని కొత్త అవసరానికి తగ్గట్టు మార్చారు, పైనుంచి ప్రసంగించే వీలు కల్పించారు. ఇక్కడ అంబాసిడర్‌ను అంబాసిడర్‌గానే మిగల్చాలి. మార్చేవాడికి తన ఊహే కొలత. మిగిల్చేవాడికి ఉత్తర్‌పారా కొలత ఒకటి ముందే ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి.

ప్రొద్దుటూరు షెడ్డు మేస్త్రీ మొదట సుత్తి పట్టలేదు. బండి చుట్టూ తిరిగి, కిందికి దూరి, స్క్రూడ్రైవరు పిడితో రేకును తట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు ఒక రకంగా పలుకుతుంది, తుప్పు తిన్నది మరో రకంగా. మన వాతావరణం గుర్తులన్నీ ఆ బండి మీద ఉన్నాయి. కోస్తాలో ఉప్పుగాలి ఇనుమును నేరుగా తింటుంది. కడప జిల్లా పొడి ఎండ ఇనుము జోలికి అంతగా పోదు. అందుకే పైకప్పు, బానెట్టు, ముందు మడ్‌గార్డులు దాదాపు చెక్కుచెదరలేదు. అదే ఎండ రబ్బరును మాత్రం వదలదు. డిక్కీ చుట్టూ ఉన్న బీడింగు పెళుసై పగిలింది. ఏడాదిలో కురిసే ఆ కాస్త వాన అందులోంచి దిగి డిక్కీ అడుగును తినేసింది. తలుపుల కింద పొడవునా బోలుగా ఉండే దూలాన్ని సిల్ అంటారు. దానికి నీళ్ళు కారిపోయే రంధ్రాలుంటాయి. నల్లరేగడి దుమ్ము చేరి అవి పూడుకుపోయాయి. లోపల తడి నిలిచి, పైకి కనబడకుండా లోలోపలే తుప్పు పట్టింది. పైకి రంగు బాగానే ఉంది, తడితే పెచ్చు రాలింది.

అసలు పరీక్ష అక్కడే. అంబాసిడర్‌కు లారీకిలాగా విడి చట్రం ఉండదు. ఒళ్ళంతా కలిసే చట్రం. సిల్‌ను కోసి తీసేస్తే మధ్యలో బండి కుంగుతుంది. కుంగిన బండికి కొత్త సిల్ అతికిస్తే ఆ వంకర శాశ్వతమైపోతుంది, తలుపులు ఇక జన్మలో పడవు. తొందరపడ్డ షెడ్లలో జరిగేది ఇదే. ఈ మేస్త్రీ కోయకముందే తలుపు స్తంభాల మధ్య ఇనుప కోణపు కడ్డీలు అడ్డంగా వెల్డు చేశాడు. కడప బండలు పరిచిన నేల మీద నాలుగు మూలలా దిమ్మలు పెట్టి, రెండు పక్కలా నేలనుంచి ఎత్తు కొలిచి సమం చేశాడు. అప్పుడుగానీ కట్టింగు మొదలుపెట్టలేదు. అదీ ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. పాత రేకులో చెడిన మేరకే కోశాడు. బంగారం అంగళ్ళకు పేరుబడ్డ ఊరు కదా, కంసాలి తరుగు చూసుకున్నట్టు రేకు తరుగు చూసుకున్నాడు. బాగున్న అంగుళం ఒక్కటీ చెత్తలోకి పోలేదు.

పలుచటి రేకును అతకడం మరో విద్య. మంటను ఒకే వరుసగా ఈడ్చుకుంటూ పోతే రేకు వేడికి సాగి అలలు తేలుతుంది. అందుకని ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్ళీ వెనక్కి వచ్చి రెండింటి నడుమ మరొకటి. ప్రతి చుక్కనూ తడిగుడ్డతో చల్లార్చాలి. పాత గుద్దులకు సాగి ఉబ్బిన చోట పనే తిరగబడుతుంది. ఆ ఉబ్బు నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, సుత్తితో మెల్లగా దించి, వెంటనే తడిగుడ్డ అదిమితే రేకు ముడుచుకుని తన కొలతకు వస్తుంది. వెనుక ఇనుప దిమ్మ ఆనించి ముందునుంచి సుత్తి వేయడం అందరూ చేసేదే. ఎన్ని దెబ్బల దగ్గర ఆపాలన్నది కొందరికే తెలుసు. ఒక దెబ్బ ఎక్కువైతే రేకు మళ్ళీ సాగుతుంది.

చదును చూడటానికి ఆయన కన్నును నమ్మలేదు. పలుచటి గుడ్డ అరచేతికి చుట్టుకుని రేకు మీద పొడవుగా నిమిరాడు. ఆ తర్వాత చదునైన ఆకురాయితో తేలికగా రాశాడు. ఎత్తున్న చోట మెరుస్తుంది, పల్లం ఉన్నచోట నల్లగా మిగిలిపోతుంది. ఆ నల్లమచ్చలు పోయేదాకా వెనుకనుంచి తట్టడమే పని. పల్లాన్ని లప్పంతో నింపేస్తే ఒక్క పూటలో ముగిసేది. మందంగా మెత్తిన లప్పం మన ఎండకు ఉబ్బి, రాత్రి చల్లదనానికి ముడిచి, కొన్ని వేసవులకే బీటలిస్తుంది. ఈ బండి మీద లప్పం గోకుడు గీతలను పూడ్చడానికి తప్ప సొట్టలను దాచడానికి వాడలేదు.

ఇంజను దగ్గర యజమానికి సలహాలు చాలా వచ్చాయి. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను వేయించుకోమన్నారు. అంబాసిడర్లకు అలా చేయించుకున్నవాళ్ళు ఒకప్పుడు కోకొల్లలు. మేస్త్రీ ఒప్పుకోలేదు. పాత ఇంజను విప్పితే కనబడింది పెద్ద రోగం కాదు, బోరు నీళ్ళ సున్నం. సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే దారుల్లో, ముఖ్యంగా వెనుక సిలిండరు పక్కన, గార గట్టిపడింది. నీటి ప్లగ్గులు ఊడదీసి, కమ్మీతో గోకి, కడిగి, కొత్త ప్లగ్గులు కొట్టారు. రేడియేటరు పై తొట్టిని టంకం కరిగించి విప్పి, ఒక్కొక్క గొట్టంలో పలుచటి కడ్డీ దూర్చి శుభ్రం చేసి, మళ్ళీ టంకం పెట్టారు.

లేతు పని చేసేచోట సిలిండర్లను బోరు చేశారు. అసలు వ్యాసం 73 మిల్లీమీటర్ల పైచిలుకు. ‘ఇరవై సైజు’ అంటే అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై, అంటే అర మిల్లీమీటరు పెద్దది చేయడం. గీతలు పోవడానికి నలభై సైజు దాకా వెళ్ళనక్కరలేకపోయింది. మొదటిసారే ఎక్కువ కోస్తే రేపు మరోసారి బాగుచేసుకోవడానికి ఇనుము మిగలదు. ఈ ఇంజనుకు ఎనిమిది వాల్వులు. వాటి సందు సరిచేయడానికి పాత మేస్త్రీలకు తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని చూడాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోదాన్ని, నాలుగోది తెరుచుకున్నప్పుడు అయిదోదాన్ని. కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. చదువుకున్నా చదువుకోకున్నా ఆ షెడ్డులో పిల్లలందరికీ ఈ లెక్క నోటికి వచ్చు.

ముందు చక్రాల బరువు మోసేది పొడవాటి ఉక్కు కడ్డీలు, టార్షన్ బార్లు. అవి మెలిక తిరిగి కుదుపును మింగుతాయి. ఏళ్ళ తరబడి ఒకే దిక్కుకు తిరగడం అలవాటైన కడ్డీని రెండో పక్కకు మార్చి బిగిస్తే పనికిరాకుండా పోతుంది. విప్పకముందే ఎడమదానికి ఒక గాటు గుర్తు, కుడిదానికి రెండు గుర్తులు రంగుతో పెట్టుకున్నారు. వెనుక కమాను పట్టీల్లో విరిగిన ఆకు ఒక్కటే మార్చారు, కట్ట మొత్తం కాదు. వైర్లు మాత్రం పూర్తిగా కొత్తవే. వేడికి పెళుసైన పాత వైరును నమ్మితే బండే కాలిపోవచ్చు. అక్కడా రంగుల వరస తప్పలేదు. బ్యాటరీ నుంచి వచ్చేదానికి గోధుమరంగు, ఇగ్నిషన్‌కు తెలుపు, హెడ్‌లైట్లకు నీలం, ఎర్తుకు నలుపు. దొరికిన రంగు వైరునల్లా లాగేస్తే బండి నేడు నడుస్తుంది, రేపు ఏ పులివెందుల రోడ్డులోనో ఆగితే విప్పినవాడికి తల తిరుగుతుంది. తర్వాత వచ్చే మేస్త్రీని దృష్టిలో పెట్టుకుని చేసిన పని అది.

రంగు విషయంలో యజమానికి ఎరుపు మీద మనసుంది. పెట్రోలు మూత లోపలా డాష్‌బోర్డు కిందా గోకి చూస్తే తెలుపు బయటపడింది, తెలుపే ఖాయం చేశారు. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించుకోవాలి. రంగు కొట్టింది తెల్లవారుజామున, నేల మీద నీళ్ళు చిలకరించి, దుమ్ము అణిగాక. 40 డిగ్రీలు దాటే మన మధ్యాహ్నంలో కొడితే గన్నులోంచి వెళ్ళిన తుంపర రేకును చేరేలోపే ఆరిపోయి పొడిపొడిగా అంటుకుంటుంది. ప్రతి పూతకూ నడుమ వాటర్ పేపర్‌తో రుద్దడం, మళ్ళీ కొట్టడం.

తయారయ్యాక బండిని నడిరోడ్డు మీద మెల్లగా తిప్పి చూపించలేదు. జమ్మలమడుగు మీదుగా గండికోట ఎత్తుకు ఎక్కించి, మరోసారి ముద్దనూరు దారిన పులివెందుల దాకా తోలి, వేడి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూశారు. తిరిగొచ్చాక హెడ్ నట్లను మధ్యనుంచి అంచులకు వరసగా మరోసారి బిగించారు.

ఇందులో లోపం లేదా అంటే, ఉంది. సీట్లకు వేసిన రెగ్జిను మరీ నిగనిగలాడుతోంది, పాత బండి నిదానం దానికి లేదు. ఖర్చు కూడా వేలం ధరకు ఎన్నో రెట్లయింది. లాభం కోసం ఈ పనికి దిగేవాళ్ళు దిగకపోవడమే మేలు.

అయినా మేస్త్రీ పట్టుదలకు చట్టం కూడా ఇప్పుడు తోడైంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండిన కార్లకు, మోటారు సైకిళ్ళకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ముఖ్యమైన షరతు, ఒడలు, చట్రం, ఇంజను మార్చి ఉండకూడదు. డీజిలు ఇంజను వేయించుకున్నవాళ్ళకు ఆ తలుపు మూసుకున్నట్టే. ఇంకో సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు, అవి తుక్కు కేంద్రాలకే పోవాలి. కార్యాలయాల ఆవరణల్లోంచి ఇలాంటి బండి పాటకు వచ్చే రోజులు దాదాపు అయిపోయాయి. ఉన్నవి ఇళ్ళలో, తోటల్లో, షెడ్లలో ఉన్నవే.

మీ ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటే తూకానికి పంపేముందు ఆర్సీ వెతికి భద్రం చేయండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉన్న చోట గోకనివ్వకండి. సుత్తి పట్టడం తెలిసిన మేస్త్రీ ఊళ్ళో ఉండగానే ఒకసారి చూపించండి. తొలి మార్క్ 4 బండ్లకు 2029లో యాభై ఏళ్ళు నిండుతాయి.