ఫ్లో సైటోమీటర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్: ఎంపికకు ముందు చూడాల్సినవి

ఫ్లో సైటోమీటర్‌లో కణాలు సన్నటి ద్రవధారలో ఒకదాని వెనక ఒకటిగా లేజర్ కాంతిని దాటిపోతాయి. ముందుకు చెదిరిన కాంతి కణం ఎంత పెద్దదో, పక్కకు చెదిరిన కాంతి దాని లోపల ఎన్ని రేణువులున్నాయో సూచిస్తుంది. కణానికి అంటించిన రంగులు వెలిగితే ఆ వెలుగును వేరే డిటెక్టర్లు పట్టుకుంటాయి. యంత్రం చేతికిచ్చేది మాత్రం అంకెలే. వాటిలో ఏ గుంపు ఏమిటో తేలేది సాఫ్ట్‌వేర్‌లో గీసే గేట్ల వల్ల. అందుకే సాఫ్ట్‌వేర్ మారితే కొలత కూడా మారే అవకాశం ఉంటుంది.

ఈ సాఫ్ట్‌వేర్ రెండు రకాలు. యంత్రాన్ని నడిపి డేటా పట్టేది ఒకటి, పట్టిన డేటాను విశ్లేషించేది మరొకటి. మొదటిది యంత్రంతో, దాని కంప్యూటర్‌తో ముడిపడి ఉంటుంది. ఫాక్స్‌కాలిబర్ యంత్రాలు మాకింటోష్ మీద సెల్‌క్వెస్ట్‌తో నడిచాయి. ఆ తర్వాతి తరం విండోస్ మీద ఫాక్స్‌దివాతో నడిచింది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. చాలా ల్యాబుల్లో అప్‌గ్రేడ్ ఆలోచన మొదలయ్యేది ఇలాంటి తేదీల దగ్గరే. యంత్రం బాగానే పనిచేస్తుంటే నడిపే సాఫ్ట్‌వేర్‌ను కదపకుండా, కంప్యూటర్‌ను నెట్ నుంచి విడదీసి, విశ్లేషణను వేరే కంప్యూటర్‌కు తరలించడం చాలాసార్లు మెరుగైన దారి.

పాత డేటా విషయంలో ఒక పరిమితి ఉంది. పాత అనలాగ్ యంత్రాలు ఒక్కో సంకేతాన్ని 1,024 మెట్లలో నమోదు చేసేవి. ఒక రంగు వెలుగు పక్క డిటెక్టర్‌లోకి చిందితే దాన్ని తీసేసే కాంపెన్సేషన్ కూడా నమోదుకు ముందే ఎలక్ట్రానిక్స్‌లో జరిగిపోయేది. అప్పుడు తప్పుగా పెట్టినదాన్ని ఇప్పుడు ఎంత ఖరీదైన ప్రోగ్రామ్ కూడా పూర్తిగా సరిచేయలేదు. డిజిటల్ యంత్రాల్లో మెట్లు 2,62,144. కాంపెన్సేషన్‌ను తర్వాతైనా మార్చుకోవచ్చు. 2006లో వచ్చిన లాజికిల్ స్కేలు సున్నాకు దిగువన పడే విలువలనూ చూపిస్తుంది. దానివల్ల పాత లాగ్ స్కేలులో అక్షానికి అంటుకుపోయిన కణాలు ఇక్కడ గుండ్రటి గుంపుగా విడివడి కనిపిస్తాయి. ఫైలు అదే అయినా, ఆ బొమ్మ చూసి గేటు మళ్లీ గీస్తే శాతం మారిపోతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ కావాలో శాంపిల్‌ను బట్టే నిర్ణయించాలి. 1991 నుంచి మత్స్య కళాశాల ఉన్న ముత్తుకూరునూ, చుట్టూ రొయ్యల చెరువులతో నిండిన నెల్లూరు తీరాన్నీ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రెడీమేడ్ టెంప్లేట్లు ఎక్కువగా మనిషి రక్తం కోసం చేసినవి. చేప ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి డీఎన్‌ఏ రంగు వేస్తే అవీ వెలుగుతాయి. మనిషి రక్తానికి కుదిరిన గేటు అక్కడ తప్పుదారి పట్టిస్తుంది. రొయ్య రక్తకణాలైన హీమోసైట్లలో రేణువులు లేనివి, కొద్దిగా ఉన్నవి, నిండుగా ఉన్నవి అని మూడు రకాలు. వాటిని ప్రధానంగా పరిమాణం, రేణువుల ఆధారంగానే విడదీస్తారు. మూడు సెట్ల క్రోమోజోములున్న ట్రిప్లాయిడ్ చేపలను గుర్తించాలంటే డీఎన్‌ఏ హిస్టోగ్రామ్ చక్కగా అమర్చే సదుపాయం ఉండాలి. పోలికకు కణానికి సుమారు 2.5 పికోగ్రాముల డీఎన్‌ఏ ఉండే కోడి రక్తకణాలు కలుపుతారు. చెరువు నీటిలోని సూక్ష్మ శైవలాలకైతే రంగు వేయనక్కర్లేదు, వాటి పత్రహరితమే ఎర్రగా వెలుగుతుంది. ఈ పనులకు చేత్తో స్వేచ్ఛగా గేట్లు గీసే వీలు, వందల ఫైళ్లను ఒకే తీరున నడిపే వీలు ఉంటే చాలు. ఇరవై ముప్పై రంగుల ప్రయోగాలకు పనికొచ్చే టీ-స్నీ, యూమ్యాప్ మాడ్యూళ్లకు ఇక్కడ డబ్బు పెట్టడం వృథా.

ఫైళ్ల సంగతి కొంత నయం. 1984లో మొదలైన ఎఫ్‌సీఎస్ ప్రమాణాన్ని పెద్ద ప్రోగ్రాములన్నీ చదువుతాయి, 2010లో 3.1 రూపం వచ్చింది. కానీ గేట్లు, కాంపెన్సేషన్ పట్టికలు, రిపోర్టు అమరికలు తరచుగా ఆయా కంపెనీల సొంత ఫైళ్లలోనే ఉండిపోతాయి. పాత గేట్లు కొత్తదాంట్లో తెరుచుకుంటాయా అన్నది కొనకముందే తమ ఫైలు ఇచ్చి చూపించమని అడగాల్సిన ప్రశ్న. బయోకండక్టర్‌లోని ఫ్లోకోర్ ఉచితమే, అయితే ఆర్ భాష తెలిసినవారు ల్యాబులో ఉండాలి. ఏటా కట్టాల్సిన లైసెన్సు ప్రాజెక్టు నిధులు అయిపోయిన ఏడాది ఏమవుతుందో ముందే ఆలోచించాలి. నవంబరు, డిసెంబరుల్లో తుపాన్లకు కరెంటూ నెట్టూ పోయే ఈ తీరంలో క్లౌడ్‌లో మాత్రమే తెరుచుకునే ప్రోగ్రామ్‌ను ఏకైక ఆధారం చేసుకోకూడదు.

ఆసుపత్రి ల్యాబులో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. దేశంలో 2004లో ఉచిత ఏఆర్‌టీ మొదలయ్యాక హెచ్‌ఐవీ మందులు ఎవరికి ఇవ్వాలన్నది ప్రధానంగా ఫ్లో సైటోమీటర్‌లో వచ్చే సీడీ4 కణాల లెక్క తేల్చేది. మొదట్లో హద్దు 200, తర్వాత 350. 2017లో అందరికీ మందులు ఇవ్వాలన్న విధానం వచ్చేదాకా ఆ హద్దు దగ్గర గేటు కొద్దిగా జరిగినా ఒక మనిషి చికిత్స వాయిదా పడగలిగేది. గుర్తింపు పొందిన వైద్య ల్యాబులు పాటించే ఐఎస్‌ఓ 15189 ప్రమాణం, సాఫ్ట్‌వేర్ మార్పును వాడకంలోకి తెచ్చేముందే సరిచూసి రాతలో పెట్టమంటుంది. పరిశోధన ల్యాబులకూ ఈ పద్ధతే మంచిది. ముందు పాత కంప్యూటర్ డిస్క్ మొత్తానికి నకలు తీయాలి. విశ్లేషణ ప్రోగ్రామ్ మారితే, స్పష్టమైన శాంపిళ్లతోపాటు గుంపులు కలిసిపోయిన క్లిష్టమైనవీ ఎంచి, అవే పాత ఫైళ్లను రెండిటిలోనూ నడిపి ఫలితాలు పక్కపక్కన పెట్టాలి. నడిపే సాఫ్ట్‌వేర్ మారితే మార్పుకు ముందూ తర్వాతా అవే ప్రమాణ పూసలను యంత్రంలో నడిపి చూడాలి. తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలిసేదాకా పాతదాన్ని తీసేయకూడదు; ఒక అధ్యయనం నడుస్తుండగా మధ్యలో అసలు మార్చకూడదు.